నాలుగు భాషల కూడలిలో నేరకథ

యుగంధర్, ఫరీదీ, పురుషోత్తమ, ఝుంజార్... ఒకే కాలంలో నాలుగు లిపుల్లో నేరస్థుల వెంటపడ్డ నలుగురు. ఆ నాలుగు భాషలూ కలిసే చోటు జహీరాబాద్. మిస్టరీ నవలాకారులు ఏం చదివారు? ఎలా రాశారు? ఇకముందు ఎవరు రాయాలి?

1956 నవంబరు 1కి ముందు జహీరాబాద్ బీదర్ జిల్లాలో ఉండేది. ఆ రోజుతో ఆ జిల్లా మూడు ముక్కలైంది. బీదర్, హుమ్నాబాద్, భాల్కీ మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. ఉద్గీర్ వైపు తాలూకాలు బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ మెదక్ జిల్లాలో చేరి, అప్పుడే ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. పటం మీద గీతలు మారాయి గానీ ఇళ్లలో మాటలు మారలేదు. ఇప్పటికీ సంత రోజు జహీరాబాద్ బజారులో కాసేపు నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ అన్నీ చెవిన పడతాయి. బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగుతుంది.

ఈ సంగతి అల్లం ధర గురించి రాసేటప్పుడూ, ఎన్నికల గురించి రాసేటప్పుడూ అందరికీ గుర్తొస్తుంది. పుస్తకాల గురించి రాసేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తురాదు. కానీ 1950ల నుంచి 1980ల దాకా ఈ నాలుగు భాషల్లోనూ డిటెక్టివ్ నవల వరదలా వచ్చింది. ఉర్దూలో ఇబ్నె సఫీ, తెలుగులో కొమ్మూరి సాంబశివరావు, కన్నడలో ఎన్. నరసింహయ్య, మరాఠీలో బాబూరావు అర్నాళ్కర్. అందరివీ చేతిలో ఇమిడే చిన్న పుస్తకాలే. జేబుకు భారం కానివి, ఒక ప్రయాణంలో పూర్తయ్యేవి. వికారాబాద్‌లో బయల్దేరి జహీరాబాద్, బీదర్, ఉద్గీర్ మీదుగా పర్లీ చేరే రైలు మార్గం ఈ నాలుగు భాషల జనాన్నీ ఒకే పెట్టెలో కూర్చోబెట్టింది.

నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది. మిస్టరీ రచయిత పాఠకుడిగానే పుడతాడు. పరాయి చోట జరిగిన కథ చదివి, ఇదే మన ఊళ్లో జరిగితే ఎలా ఉంటుందని ఆలోచించిన రోజున అతని చేతికి కలం వస్తుంది. ఈ నలుగురి జీవితాలూ, వాళ్ల తర్వాత వచ్చినవాళ్ల జీవితాలూ చూస్తే ఆ నమ్మకం ఇంకా బలపడుతుంది.

తిలిస్మ్ చదివిన పిల్లాడు

ఇబ్నె సఫీ అసలు పేరు అస్రార్ అహ్మద్. 1928లో అలహాబాద్ జిల్లా నారా గ్రామంలో పుట్టారు. ఎనిమిదేళ్ల వయసులో ఆయన చేతికి దొరికిన పుస్తకం 'తిలిస్మె హోష్‌రుబా' మొదటి సంపుటం. మాయలు, మాంత్రికులు, వేషాలు మార్చే అయ్యార్లు నిండిన మహా గ్రంథం అది. అందులోని ఉర్దూ ఆ వయసు పిల్లాడికి అర్థమయ్యేది కాదు. అయినా కథ పట్టుకుంది, మళ్లీ మళ్లీ చదివించింది. ఆ తర్వాత రైడర్ హగ్గార్డ్ సాహస నవలలు వచ్చి చేరాయి. ఒక పక్క మన దేశపు మాయాలోకం, ఇంకో పక్క ఇంగ్లీషు సాహసగాథ. ఈ రెండింటి నడుమ పెరిగిన మనసు అది.

మొదట ఆయన కవిత్వం, వ్యంగ్యం రాశారు. ఉర్దూలో బూతు రాస్తేనే పుస్తకం అమ్ముడుపోతుందని మిత్రుల మధ్య వాదన వచ్చినప్పుడు కాదని నిరూపిస్తానన్నారు. అలా 1952 మార్చిలో అలహాబాద్ నుంచి 'జాసూసీ దునియా' మొదలైంది. తొలి నవల 'దిలేర్ ముజ్‌రిమ్'. దాని కథకు ఆధారం విక్టర్ గన్ రాసిన ఇంగ్లీషు నవల. ఆ సంగతి ఆయనే దాచకుండా చెప్పారు. అరువు తెచ్చుకున్న ఇతివృత్తంలో సొంత మనుషుల్ని పెట్టారు. నిబ్బరంగా ఉండే ఫరీదీ, పక్కన చిలిపి హమీద్. నవల తర్వాత నవల రాస్తూ పోయేకొద్దీ అరువు తగ్గి, సొంత కల్పన పెరిగింది. అదే ఏడాది ఆయన కరాచీ వెళ్లిపోయారు. 1955లో 'ఇమ్రాన్' సిరీస్ మొదలుపెట్టారు. పైకి తిక్కవాడిలా కనిపిస్తూ లోపల చురకత్తిలా ఆలోచించే ఇమ్రాన్ ఉర్దూ పాఠకుల ఇళ్లలో మనిషైపోయాడు. సరిహద్దుకు ఇవతల అలహాబాద్ ప్రచురణలే ఉర్దూలోనూ, హిందీలోనూ ఆ పుస్తకాలను పంచాయి. హిందీలోకి వచ్చేసరికి ఫరీదీ వినోద్ అయ్యాడు, ఇమ్రాన్ రాజేష్ అయ్యాడు.

1960 నుంచి మూడేళ్ల పాటు ఆయన తీవ్రమైన మానసిక వ్యాధితో మంచం పట్టారు. నెల తిరిగేసరికి కొత్త నవల ఇచ్చే మనిషి ఒక్క పేజీ కూడా రాయలేకపోయారు. ఆ ఖాళీలోకి ఆయన పేరును పోలిన పేర్లతో నకిలీ రచయితలు చొరబడ్డారు. 1963 నవంబరులో 'డేఢ్ మత్‌వాలే'తో ఆయన తిరిగొచ్చినప్పుడు అలహాబాద్‌లో ఆ పుస్తకాన్ని ఆవిష్కరించినవారు లాల్ బహదూర్ శాస్త్రి. డిటెక్టివ్ నవలకు అలాంటి గౌరవం దక్కిన సందర్భం మన దేశంలో ఇంకోటి వెతికినా దొరకడం కష్టం. 1980 జులై 26న, తన పుట్టినరోజునే, ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన పేరున 240కి పైగా నవలలున్నాయి.

దక్కనీ ఉర్దూ మాట్లాడే ఊళ్లలో ఇబ్నె సఫీని చదివిన తరం ఇంకా మన మధ్యే ఉంది. వాళ్లతో మాట్లాడితే కథల పేర్లకన్నా ముందు హమీద్ మాటలు గుర్తు చేసుకుంటారు. నేరకథను చదివేవాడు గుట్టు కోసం మొదలుపెడతాడు, మనుషుల కోసం మళ్లీ చదువుతాడు. ఆ మర్మం ఇబ్నె సఫీకి తెలిసినంతగా తెలిసినవాళ్లు తక్కువ.

మద్రాసులో యుగంధర్

తెలుగులో ఈ బాట ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే పడింది. బెంగాలీలో పాంచ్‌కౌడీ దే రాసిన డిటెక్టివ్ నవలలు తెలుగులోకి వచ్చాయి. కాని తెలుగు డిటెక్టివ్‌కు ఒక ఇల్లూ, ఒక సహాయకుడూ, ఒక అలవాటూ ఏర్పరచి, ఇంటింటి మనిషిని చేసింది కొమ్మూరి సాంబశివరావు (1926-1994). ఆయన తల్లి కొమ్మూరి పద్మావతీదేవి రచయిత్రి, తెలుగు రంగస్థలం మీద తొలినాటి నటీమణుల్లో ఒకరు. నాటకం, రచన ఆ ఇంట్లో గాలిలోనే ఉన్నాయి.

యుగంధర్ మద్రాసులో ఉంటాడు. పక్కన రాజు. పోలీసు వైపు నుంచి ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. ఫోన్ మోగుతుంది, కారు బయల్దేరుతుంది, మొదటి పది పేజీల్లో శవమో, బెదిరింపు ఉత్తరమో ఎదురవుతుంది. ఇప్పుడు ఆ నవలలు తిరగేస్తే నన్ను ఆకట్టుకునేది ఆ వాక్యం. చిన్నది, పొడిది. వర్ణన లేదు. "ఎవరు?" "ఎందుకు?" "ఎప్పుడు చూశావు?" అన్న పంథాలో సంభాషణే కథను లాక్కుపోతుంది. మన నవల ఇంకా నాయిక కళ్లను అరపేజీ వర్ణిస్తున్న రోజుల్లో ఆయన అలాంటి తెలుగు రాశారు. తెలుగు వచనాన్ని ఇలా బిగించిన పనికి సాహిత్య చరిత్రలు ఆయనకు ఇవ్వాల్సిన చోటు ఇవ్వలేదని నా ఫిర్యాదు. అది కోపంతోనే చెబుతున్నాను.

ఈ వాక్యం ఆకాశం నుంచి ఊడిపడలేదు. అప్పట్లో మద్రాసు మూర్ మార్కెట్ సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో ఇంగ్లీషు పేపర్‌బ్యాకులు కుప్పలుగా దొరికేవి. ఎర్ల్ స్టాన్లీ గార్డ్నర్, ఎడ్గార్ వాలెస్, జేమ్స్ హాడ్లీ చేజ్ ఆ తరం తెలుగు నేరకథకు కనబడని గురువులు. సమగ్ర ఆంధ్ర సాహిత్యాన్ని సంపుటాలుగా రాసిన ఆరుద్ర కూడా 'పలకల వెండిగ్లాసు' లాంటి డిటెక్టివ్ నవల రాశారంటే, ఈ ఆకర్షణ ఎంత లోతైనదో తెలుస్తుంది. చదరంగం మీద పుస్తకం రాసిన మనిషికి హత్యకథలోని ఎత్తులు, పైఎత్తులు నచ్చకపోతేనే ఆశ్చర్యపడాలి.

తర్వాతి తరంలో మధుబాబు కలం పేరుతో వల్లూరు మధుసూదనరావు గూఢచారి 'షాడో'ను తెచ్చారు. సీఐబీ, కులకర్ణి, గంగారాం, శ్రీకర్, ముఖేష్. ఈ పేర్లు వింటే ఇప్పుడు యాభై దాటిన మగవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. అది మిస్టరీ కన్నా సాహసమే ఎక్కువ. అయినా ఆ పుస్తకాల పుణ్యమా అని చదవడం అలవాటైన పిల్లలు లెక్కలేనంతమంది. పాఠ్యపుస్తకం మధ్యలో షాడోను దాచుకుని చదివిన పిల్లాడికి ఎవరూ బలవంతపెట్టకుండానే మూడు వందల పేజీలు చదివే ఓపిక వచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నాకు పేచీ.

మల్లాది వెంకట కృష్ణమూర్తిది మరో దారి. తన ఫొటో ఎక్కడా అచ్చు కానివ్వని రచయిత ఆయన. లక్షల మంది పాఠకులున్నా ముఖం తెలియదు. ఒక మిస్టరీ రచయితకు ఇంతకంటే తగిన నియమం ఏముంటుంది? రైల్లో పక్క సీటులో కూర్చుని మనుషుల మాటలు వినాలంటే ఎవరూ గుర్తుపట్టకూడదు. ఆయన 'చంటబ్బాయి' 1986లో జంధ్యాల చేతుల్లో సినిమాగా మారి, డిటెక్టివ్ పాండురంగారావును చిరంజీవి రూపంలో ఊరూరా తిప్పింది. దానికన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. దశాబ్దాల పాటు ఆయన విదేశీ క్రైం కథలను వందల కొద్దీ చదివి, ఏరి, పత్రికల ద్వారా తెలుగు పాఠకులకు అందించారు. చివరి పేరాలో కథ మొత్తం తలకిందులయ్యే ఆ పొట్టి కథలు ఒక తరానికి ఉచిత పాఠశాల. ఒక రచయిత తన చదువును అంత ధారాళంగా పంచిపెట్టడం అరుదు.

అనుసరణ అనే బడి

తెలుగు డిటెక్టివ్ నవల ఇంగ్లీషు నుంచి ఎత్తుకొచ్చిందేనని ఒక నింద ఎప్పుడూ వినిపిస్తుంది. నిజం కొంత ఉంది. మూలం పేరు చెప్పకుండా తెచ్చుకున్నవి చాలానే ఉన్నాయి, అది తప్పే. కాని అనుసరించడమే దోషమంటే నేను ఒప్పుకోను. అమెరికాలో రేమండ్ చాండ్లర్ 44 ఏళ్ల వయసులో, 1932లో, చమురు కంపెనీ ఉద్యోగం పోగొట్టుకున్నాక చౌకబారు పత్రికలు కొనుక్కుని చదువుతూ నేరకథ నేర్చుకున్నారు. గార్డ్నర్ కథనొకదాన్ని తీసుకుని, దాని సారాంశం వివరంగా రాసుకుని, మూలం పక్కన పెట్టేసి కథను మళ్లీ తన మాటల్లో రాశారు. తర్వాత రెండూ పోల్చి, తనది ఎక్కడ కుంటిందో చూసుకున్నారు. ఆ సంగతి తర్వాత గార్డ్నర్‌కే ఉత్తరంలో చెప్పారు. అలా సాధన చేసిన మనిషి తొలి కథ 1933లో 'బ్లాక్ మాస్క్' పత్రికలో అచ్చయింది. 1939లో 'ది బిగ్ స్లీప్' వచ్చింది. జపాన్ రచయిత ఎడొగావా రంపో అయితే తన గురువు ఎడ్గార్ అలన్ పో పేరునే జపనీస్ పలుకుబడిలో కలం పేరుగా పెట్టుకున్నారు.

మన చుట్టుపక్కల భాషల్లోనూ ఇదే కథ. హిందీలో సురేందర్ మోహన్ పాఠక్ ఢిల్లీలో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌లో ఉద్యోగం చేస్తూనే జేమ్స్ బాండ్, హాడ్లీ చేజ్ నవలలను అనువదించారు. ఆ అనువాదాలతో పాటే దాదాపు 300 నవలల సొంత ప్రపంచం కట్టుకున్నారు. తమిళంలో సుజాత బెంగళూరు బీఈఎల్‌లో ఇంజినీరు. ఓటింగ్ యంత్రం తయారీలో పాలుపంచుకున్న ఆయనే గణేష్, వసంత్ అనే లాయర్ల జంటను సృష్టించారు. కన్నడ నరసింహయ్య చదువు నాలుగో తరగతి దగ్గరే ఆగింది. అయినా పత్తేదార్ పురుషోత్తమతో వందల నవలలు రాశారు. ఝుంజార్‌ను సృష్టించిన మరాఠీ అర్నాళ్కర్ వెయ్యి దాటారు. ఉద్యోగానికి ముందో, ఉద్యోగం తర్వాతో, నిద్రలోంచి కోసుకున్న గంటల్లో రాసినవాళ్లే వీళ్లలో ఎక్కువమంది.

చివరి నుంచి మొదటికి

మిస్టరీ రచయిత చదివే తీరు వేరు. మామూలు పాఠకుడు హంతకుడెవరో తెలియగానే పుస్తకం మూస్తాడు. రాయాలనుకున్నవాడు అక్కడే మళ్లీ మొదటి పేజీకి వెళ్తాడు. ఆ ఆనవాలు ఎక్కడ వేశాడు? నేనెందుకు చూడలేదు? ఆ వాక్యంలో నా దృష్టిని ఎటు మళ్లించాడు? ఈ రెండో చదువులోనే విద్య ఉంది. రాసేటప్పుడూ అంతే. గుట్టు ముందు కట్టుకుని, దాన్నుంచి వెనక్కి నడుస్తూ కథ అల్లాలి.

తెలుగువాళ్లకు ఈ తర్ఫీదు చిన్నప్పుడే మొదలవుతుంది. 'చందమామ'లో బేతాళ కథ చదివిన ప్రతి పిల్లాడూ అపరాధ పరిశోధనకు అప్రెంటిసే. వివరాలన్నీ కథలోనే ఉంటాయి, బేతాళుడు ఏదీ దాచడు. చివర ప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు తర్కంతోనే జవాబు చెప్పాలి, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. పాఠకుడికి తెలియని రహస్యాన్ని చివర్లో ఊడిపడేలా చేయకూడదని 1920ల్లో ఇంగ్లండులో రచయితలు పెట్టుకున్న నియమానికి మన పాదు ఇదే.

సాధనలో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో టార్కీ ఆస్పత్రిలో మందులు కలిపే పని చేసిన అగాథా క్రిస్టీ అక్కడే విషాల గురించి నేర్చుకున్నారు. 1920లో వచ్చిన తొలి నవలలో స్ట్రిక్నిన్‌ను ఎంత కచ్చితంగా వాడారంటే ఫార్మసీ పత్రిక మెచ్చుకుంది. ఆమె వదిలి వెళ్లిన 73 నోటు పుస్తకాల్లో హత్యా పథకాల పక్కనే ఇంటి సరుకుల జాబితాలు కనిపిస్తాయి. ఫ్రెంచిలో రాసిన బెల్జియం రచయిత సిమెనాన్ పసుపు రంగు కవరు మీద పాత్రల పేర్లు, వయసులు, చిరునామాలు రాసుకుని, ఆ తర్వాత రోజుకో అధ్యాయం చొప్పున దాదాపు పది రోజుల్లో నవల ముగించేవారు.

జహీరాబాద్‌ను అలాంటి కళ్లతో చదవాలంటే ఏం చూడాలి? మొదటిది కాళ్ల కింది నేల. పస్తాపూర్ వైపు ఎర్ర నేల, న్యాల్‌కల్ దాటి మంజీర వైపు వెళ్లేకొద్దీ నల్లరేగడి. ప్యాంటు మీద పడ్డ బురద చూసి లండన్‌లో ఏ పేటదో చెప్పే విద్య 1887లోనే షెర్లాక్ హోమ్స్‌కు వచ్చు. ఇక్కడ వానాకాలంలో చెప్పుల అడుగు చూస్తే మనిషి ఏ దిక్కు నుంచి వచ్చాడో రైతు ఎవరైనా చెబుతాడు.

రెండోది చక్కెర ఫ్యాక్టరీ కాటా. గానుగ సీజనులో చెరకు ట్రాక్టర్లు రాత్రంతా వరుసలో నిలబడతాయి. బండిని రెండుసార్లు తూస్తారు. లోపలికి వెళ్లేటప్పుడు నిండుగా, బయటికి వచ్చేటప్పుడు ఖాళీగా. చీటీ మీద రెండు తూకాల సమయాలూ అచ్చవుతాయి. అనుమానితుడు ఆ చీటీ చూపించి, రాత్రంతా ఫ్యాక్టరీ దగ్గరే ఉన్నానంటాడు. రెండు తూకాల మధ్య ఎంతసేపు గడిచింది? ఆ సేపు ట్రాక్టరు పక్కన ఉన్నది అతనేనా, అతని డ్రైవరా? ఇంకో చిక్కు. కోసిన చెరకు ఎండేకొద్దీ బరువు తగ్గుతుంది. కోసినప్పటి అంచనా బరువు కన్నా తూకం బాగా తక్కువ వచ్చిందంటే ఆ లోడు ఎక్కడో చాలాసేపు ఆగి ఉండొచ్చు. ఎక్కడ? ఈ ఒక్క చీటీ మీద నవల నిలబడుతుంది.

మూడోది బస్సు టికెట్. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు జీరో టికెట్ ఇస్తున్నారు. ఆ ఉచితం రాష్ట్ర సరిహద్దు దాకానే. జహీరాబాద్‌లో ఎక్కి బీదర్‌లో దిగే ఆమె సరిహద్దు దాటాక డబ్బులిచ్చి ఇంకో టికెట్ తీసుకోవాలి. రెండు కాగితాలు, రెండు సమయాలు. ఆమె పర్సులో జీరో టికెట్ ఒక్కటే దొరికితే? సరిహద్దు దగ్గర దిగిపోయిందా? రెండోది ఎవరైనా తీసేశారా? సెల్ టవర్లు, సీసీ కెమెరాలు వచ్చాక డిటెక్టివ్‌కు పని లేకుండా పోయిందనేవాళ్లకు నా జవాబు ఇదే. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా కొత్త అబద్ధం కూడా పుడుతుంది. ఒకప్పుడు ఇంజినీరుగా పనిచేసిన జపాన్ రచయిత కెయిగో హిగాషినో 2005లో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'లో హంతకురాలెవరో మొదట్లోనే చెప్పేసి, చివరిదాకా ఊపిరి బిగబట్టించారు.

ఆ రహదారి మీద పుట్టిన నవల

జహీరాబాద్ మీదుగా పోయే రోడ్డుకు నేరకథతో ఉన్న చుట్టరికం మనం అనుకున్నంత కొత్తది కాదు. హైదరాబాద్ నుంచి జహీరాబాద్, హుమ్నాబాద్, నల్దుర్గ్ మీదుగా షోలాపూర్ వెళ్లే దారి ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి. 1820ల్లో ఫిలిప్ మెడోస్ టేలర్ అనే యువకుడు నిజాం కొలువులో ఈ ప్రాంతపు నైరుతి జిల్లాల్లో పోలీసు పని చేశాడు. తుల్జాపూర్ అతని మకాం. బాటసారులు మాయమవుతున్నారు, శవాలు దొరుకుతున్నాయి, ఎవరు చంపుతున్నారో అంతుపట్టడం లేదు. ఆ గుట్టు తీయడం మొదలుపెట్టేలోపే అతన్ని తిరిగి సైన్యంలోకి పిలిచేశారు. థగ్గులనే ఆ హంతక ముఠాలను పట్టిన కీర్తి ఈస్టిండియా కంపెనీ అధికారి స్లీమన్‌కు దక్కింది. ఆ వెలితి టేలర్‌ను జీవితమంతా వెంటాడింది. కేసు చేజారింది గానీ కథ చేజారలేదు. అప్రూవర్లు చెప్పిన వాంగ్మూలాలు విని, ఆ గొంతులను చెవిలో పెట్టుకుని, అమీర్ అలీ అనే థగ్గు తన కథ తానే చెప్పుకున్నట్టు 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' రాశాడు. 1839లో లండన్‌లో అచ్చయింది. ప్రపంచపు తొలి డిటెక్టివ్ కథగా చెప్పుకునే పో కథ వచ్చింది 1841లో.

థగ్గుల గురించి కంపెనీ దొరలు చెప్పిన లెక్కలను ఈనాటి చరిత్రకారులు యథాతథంగా నమ్మరు. పరాయి పాలనకు ఆ భయం అక్కరకొచ్చింది కూడా. టేలర్‌ను చదివేటప్పుడు అది మనసులో ఉంచుకోవాలి. అయినా మన దక్కను బాటలు, సరాయిలు, హైదరాబాద్ బజార్లు ఒక నేర నవలకు నేపథ్యంగా ప్రపంచం ముందుకు వెళ్లింది ఆ పుస్తకంతోనే. దాదాపు రెండు వందల ఏళ్లు కావస్తోంది. ఆ తర్వాత ఈ రోడ్డు మీద, ఈ మనుషుల మధ్య, వాళ్ల మాటల్లోనే నడిచే తెలుగు మిస్టరీ నవల ఒక్కటీ నా కంటపడలేదు. యుగంధర్ మద్రాసులో తిరిగాడు, షాడో దేశదేశాలు తిరిగాడు. చెరకు బండ్లు, అల్లం మడులు, నాలుగు భాషల సంత ఉన్న ఊరికి ఏ డిటెక్టివూ రాలేదు.

అద్దె పుస్తకాల షాపు పోయాక

ఒకప్పుడు ప్రతి చిన్న పట్నంలోనూ అద్దెకు నవలలిచ్చే షాపు ఉండేది. పూటకింత, రోజుకింత. అట్టకు బైండింగు, వెన్ను మీద చేత్తో రాసిన నంబరు, లోపల ఎవరో పెన్నుతో కొట్టిన గీతలు. ఒక్కోసారి ఎవరో ప్రబుద్ధుడు హంతకుడి పేరు మొదటి పేజీలోనే రాసిపెట్టేవాడు. చేతులు మారిన కొద్దీ ఆ కాగితం నలిగి, అరిగి, పొడిగా రాలింది. టీవీ వచ్చింది, ఫోన్ వచ్చింది, షాపులు మూతపడ్డాయి. ఆ పుస్తకాలు కిలోల లెక్కన కాగితాల వ్యాపారికి చేరాయి.

గ్రంథాలయాల్లో ఉన్నాయా అంటే, కావ్యాలకూ పోటీ పరీక్షల పుస్తకాలకూ దొరికిన బీరువా వీటికి దొరకలేదు. విశ్వవిద్యాలయాల్లో కొద్దిపాటి పరిశోధన తప్ప పాఠంగా పెట్టిన దాఖలాలు కనబడవు. పాకెట్ నవలను సాహిత్యం కాదని పక్కన పెట్టాం. పక్కన పెట్టినది పోగొట్టుకున్నాం. ఉర్దూలో ఇబ్నె సఫీ విషయంలో ఇంకోలా జరిగింది. విమర్శకుల్లో అగ్రగణ్యుడైన షంసుర్ రహ్మాన్ ఫారూఖీ స్వయంగా కూర్చుని 'జాసూసీ దునియా' నవలలు నాలుగింటిని ఇంగ్లీషులోకి అనువదించారు. అంతటి పండితుడు అంత ఇష్టంగా చేసిన పని అది. కొమ్మూరికి అలాంటి విమర్శకుడు ఇంకా దొరకాలి.

పాత నవలల స్కాన్లు అభిమానులు ఇంటర్నెట్‌లో పెట్టినవి కొన్ని, ఈబుక్‌లుగా వచ్చినవి కొన్ని, ఆడియో కథలుగా చెవికెక్కుతున్నవి కొన్ని ఉన్నాయి. ఇప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు మిస్టరీ అంటే ఓటీటీలో మలయాళం, కొరియన్ సిరీస్. అది తప్పేమీ కాదు, వాళ్లూ కథే నేర్చుకుంటున్నారు. కాని తెరమీద చూసినవాడికి కథ పట్టుబడుతుంది, వాక్యం పట్టుబడదు. తెలుగులో అనుమానాన్ని ఎలా రాయాలో, ఒక మనిషి అబద్ధమాడుతున్నాడని ఆ మాట అనకుండా ఎలా తెలియజేయాలో తెలుగు పుస్తకం చదివితేనే వస్తుంది. ఆ పుస్తకాలే చేతికి అందకుండా చేశాం.

చిన్న ఊళ్లో డిటెక్టివ్ కథ నిలబడదనే సందేహాన్ని 2019లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' సినిమా తీర్చేసింది. నెల్లూరులో ఆఫీసు తెరిచిన ఆ కుర్రాడిని తెలుగు ప్రేక్షకులు మనసారా ఆదరించారు. సినిమా చేయగలిగిన పని నవల ఎందుకు చేయలేదు?

జహీరాబాద్‌లోనో, నారాయణఖేడ్‌లోనో రాయాలన్న కోరిక ఉన్న అమ్మాయికి, అబ్బాయికి నేను చెప్పేది ఇదే. ఇంట్లో తాతయ్య ట్రంకు పెట్టె తెరవండి. ఉర్దూ వచ్చిన పెద్దాయన పక్కింట్లో ఉంటే ఇమ్రాన్ నవల ఒకటి చదివి వినిపించమనండి. వద్దనరు, ఇష్టంగానే చదువుతారు. దొరికిన కొమ్మూరి నవలను అటకెక్కించేముందు ఫోన్‌తోనైనా ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టండి. తర్వాత చాండ్లర్ చేసిన పని చేయండి. ఆ నవల సారాంశం రెండు పేజీల్లో రాసుకుని, పుస్తకం మూసి, మద్రాసు తీసేసి మీ ఊరు పెట్టి మళ్లీ రాయండి. యుగంధర్ కారు బదులు బీదర్ బస్సు. స్వరాజ్యరావు బదులు సరిహద్దుకు అటూ ఇటూ రెండు రాష్ట్రాల పోలీసు స్టేషన్లు. శవం ఏ రాష్ట్రంలో దొరికింది, మనిషి ఏ రాష్ట్రంలో చనిపోయాడు అన్న ప్రశ్న దగ్గర ఇద్దరు ఇన్‌స్పెక్టర్లకు పేచీ రావాలి. సాక్షి ఒకరు కన్నడలో, ఒకరు దక్కనీలో మాట్లాడాలి. అక్కడక్కడ ఇద్దరూ ఒకే సంగతి రెండు రకాలుగా చెప్పాలి. కాటా చీటీ మీద రెండు సమయాలు ముందే నిర్ణయించుకోండి. ఆ మధ్యలో ఏం జరిగిందో మొదట రాసుకుని, తర్వాత మొదటి అధ్యాయం మొదలుపెట్టండి.